కుడినుండి యెడమకు: లినక్సునకు హీబ్రూ భాష వచ్చిన విధము

క్రిందటి సంవత్సరము మా పాఠశాలలో జరిగిన ప్రదర్శనమునకై తొమ్మిదవ తరగతి బాలుడొకడు లోకములోని లిపులను చూపు పటము నొకదానిని తయారుచేయ బూనెను. కీర్తనల గ్రంథములో 119వ కీర్తన యిరువదిరెండు భాగములుగ నుండుటయు, ఆ భాగములకు హీబ్రూ అక్షరముల పేర్లు శీర్షికలుగ నుండుటయు చూచి, అతనికి ఆ లిపిమీద ఆసక్తి కలిగినది. మా పాఠశాల కంప్యూటరులలో లినక్సు అను ఆపరేటింగు సిస్టము, అనగా యంత్రమును నడపు మూలకార్యక్రమము, కలదు. అతడు దానిలో హీబ్రూ కీబోర్డు నెంచుకొని, ఆదికాండము మొదటి వచనమును, ఏడు మాటలను, మిక్కిలి ఓపికతో చూచి కొట్టెను. అక్షరములు తమంతట తామే కుడినుండి యెడమకు నడచినవి. కాని కడపట పెట్టిన చుక్క మాత్రము కుడిప్రక్కకు పోయి, మొదటి అక్షరమునకు ముందు నిలిచినది.

"మాస్టరుగారూ, యంత్రము తప్పు చేయుచున్నది" అని అతడు మా యొద్దకు వచ్చెను. మేము చూచి, "చుక్కను ముందుగ కొట్టి, తరువాత మాటలను కొట్టుము, సరిపోవును" అంటిమి. అట్లు చేయగా చుక్క యెడమ కొసకు వచ్చి కుదురుకొనెను. బాలుడు సంతోషించెను, మేమును సంతోషించితిమి. పిమ్మట పటముకొఱకు అక్షరములను పెద్దవి చేయగా వచనము రెండు పంక్తులయ్యెను. ఆ మార్పును మేమెవ్వరమును గమనింపలేదు. ప్రదర్శన దినమున, వేదాంత కళాశాలలో హీబ్రూ చదివిన పెద్దలొకరు పటము నెదుట నిలిచి, "బాబూ, వాక్యము ముగియక మునుపే నడుమ చుక్క యేల పెట్టితివి?" అని యడిగిరి. చూడగా చుక్క మొదటి పంక్తి చివర నున్నది. వాక్యము రెండవ పంక్తిలో ముగియుచున్నది. బాలుడు మావైపు చూచెను. తప్పు అతనిది కాదు, మాదని చెప్పితిమి.

ఆ తప్పు మమ్ము కొన్ని వారములు నిదురపోనీయలేదు. యంత్రమునకు హీబ్రూ నెవరు నేర్పిరి, ఎట్లు నేర్పిరి యని విచారించితిమి. విచారింపగా, మేము చెప్పిన ఉపాయమువంటిదే ఒకప్పుడు హీబ్రూ దేశములో కంప్యూటరు పనివారందఱును అవలంబించిరనియు, దానిని వదలించుకొనుటకు వారు చాల శ్రమపడిరనియు తెలిసినది. ఆ కథయే నేటి పాఠము.

స్వేచ్ఛయు ఉచితమును

మొదట లినక్సు సంగతి కొంచెము చెప్పవలెను. 1983లో అమెరికా దేశస్థుడగు రిచర్డ్ స్టాల్‌మన్, ఎవరైనను వాడుకొనదగినదియు, లోపలి వ్రాతను చదివి మార్చదగినదియు నగు ఆపరేటింగు సిస్టము నొకదానిని కట్టుదునని ప్రకటించి, దానికి గ్నూ అని పేరు పెట్టెను. 1989లో ఆ పనికి తగిన లైసెన్సు వెలువడెను. "వాడుకొనుడు, చదువుడు, మార్చుడు, పంచుడు, కాని మీరు మార్చి పంచినదానికిని ఇదే స్వేచ్ఛ నుంచుడు" అనునదే దాని సారాంశము. 1991లో ఫిన్లాండు దేశములోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, ఇరువదియొక్క యేండ్ల లైనస్ టోర్వాల్డ్స్, లినక్సు అను కెర్నెలును, అనగా సిస్టమునకు నడిబొడ్డువంటి భాగమును వ్రాసి లోకమునకు చూపెను. మరుసటి యేడు దానికిని ఆ లైసెన్సునే పెట్టెను. ఈ రెండును కలిసి నేటి స్వేచ్ఛా సిస్టములైనవి.

ఇంగ్లీషులో వెలలేనిదానికిని, స్వేచ్ఛగలదానికిని ఒకటే మాట గలదు. మన తెలుగున "ఉచితము" వేఱు, "స్వేచ్ఛ" వేఱు. ఈ కథలో ముఖ్యమైనది స్వేచ్ఛ. ఏలయనగా హీబ్రూ మాటలాడువారు సుమారు 90 లక్షలమంది మాత్రమే. పెద్ద వర్తకసంస్థ తన సరకులో ఒక భాషను చేర్చుటకు ముందు లాభనష్టములు చూచుకొనును. చేర్చనన్నచో ఆ భాషవారు వేచియుండవలసినదే. స్వేచ్ఛా సిస్టములోనైతే వేచియుండ నక్కఱలేదు. లోపలి వ్రాత తెఱచియున్నది గనుక, ఓపికయు తెలివియు గలవారు తామే దిగి తమ భాషను చేర్చుకొనవచ్చును. ఇశ్రాయేలులోని లినక్సు వాడుకదారులు చేసిన పని యిదియే.

మొదటి మెట్టు: అక్షరమునకు అంకె

కంప్యూటరునకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. కావున ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య నేర్పరుపవలెను. 1963లో అమెరికావారు ఏర్పరచిన ఆస్కీ పట్టికలో 128 స్థానములే యుండెను. అవి ఇంగ్లీషునకే చాలినవి. హీబ్రూ అక్షరములు 22. వానిలో కాఫ్, మేమ్, నూన్, పే, సాదె అను అయిదింటికి మాట చివర వచ్చినప్పుడు వేఱు రూపములు గలవు. కావున మొత్తము 27 రూపములు. వీనికి చోటెక్కడ? పాత యిశ్రాయేలు పట్టికలో ఇంగ్లీషు చిన్నబడి అక్షరముల చోట్లను తీసి వీనికిచ్చిరి. ఒకరి మంచమును మఱియొకరికి పఱచినట్లయినది. ఆ యంత్రమున హీబ్రూ యున్నచో ఇంగ్లీషు చిన్న అక్షరములుండవు; అవి యున్నచో హీబ్రూ యుండదు.

1988లో 256 స్థానములుగల అంతర్జాతీయ పట్టిక వచ్చి, రెండు లిపులకును చోటిచ్చినది. కాని అందు హీబ్రూ అచ్చుగుర్తులగు నికుద్ చుక్కలు లేవు. ఇతర లిపులకు తావులేదు. 1991లో వెలువడిన యూనికోడు ఈ చిక్కును తీర్చెను. అందు హీబ్రూ మొదటి అక్షరము ఆలెఫ్ సంఖ్య 1488. కడపటి తావ్ సంఖ్య 1514. లెక్కింపుడు: సరిగా 27 స్థానములు. మన "అ"కు సంఖ్య 3077. ఇంగ్లీషు, హీబ్రూ, తెలుగు ఒకే పుటలో ఒకదాని చోటు నొకటి యాక్రమింపక నిలుచుటకు ఈ పట్టికయే ఆధారము.

రెండవ మెట్టు: వరుస

మేము తప్పిన చోటిదే. హీబ్రూ కుడినుండి యెడమకు వ్రాయబడును. పాత యంత్రములకు ఎడమనుండి కుడికి పేర్చుట యొక్కటే తెలియును. అందుచేత పూర్వపు పనివారు ఒక ఉపాయము పన్నిరి. వాక్యమును తలక్రిందులు చేసి, కడపటి అక్షరమును ముందుగను, మొదటి అక్షరమును చివరగను యంత్రములో దాచిరి. యంత్రము ఎడమనుండి పేర్చినను, చూచువానికి సరిగా కనబడెను. దీనిని చూపు వరుస యందుము.

కంటికి సరియే, కాని లోపల? పంక్తి వెడల్పు మారినచో ఏమగునో చూడుడు. యంత్రము తాను దాచిన వరుసలో ముందున్నదానిని మొదటి పంక్తిలో పెట్టును. ముందున్నది వాక్యము యొక్క తుది భాగము. కావున తుది పైకి వచ్చి, ఆది క్రిందికి పోవును. ఒక మాటను వెదకవలెనన్నను దానిని వెనుకనుండి కొట్టవలెను. చూచుటకు పనికివచ్చి, మఱి దేనికిని పనికిరాని వ్రాత యది.

సరియైన మార్గమును తలపు వరుస యనవచ్చును. మనుష్యుడు చదువు క్రమముననే, మొదటి అక్షరము మొదట, రెండవది రెండవదిగ దాచవలెను. చూపునప్పుడు మాత్రము ఏది ఎటు నడవవలెనో యంత్రము నిర్ణయింపవలెను. ఆ నిర్ణయమునకు యూనికోడువారు వ్రాసిన నియమావళికి ఉభయదిశా సూత్రమని పేరు. దాని సారమిది. ప్రతి అక్షరమునకు స్వభావమొకటి గలదు. హీబ్రూ అక్షరము బలముగ ఎడమకు నడచును. తెలుగు, ఇంగ్లీషు అక్షరములు బలముగ కుడికి నడచును. అంకెలు బలహీనములు. హీబ్రూ వాక్యములోనున్నను అంకెలు తమలో తాము ఎడమనుండి కుడికే చదువబడును. చుక్క, కామా, ఖాళీస్థలము మొదలగునవి తటస్థములు. అవి ప్రక్కవారిని బట్టి నడచును. ఇరుప్రక్కల తోడు లేనిచో పేరా దిశను బట్టి నడచును. కుండలీకరణములు దిశ మారినప్పుడు అద్దములో వలె తిరుగును.

ఒక అభ్యాసము. మన అక్షరములనే హీబ్రూ అక్షరము లనుకొందము. యంత్రములో "అ ఇ ఉ 119 క చ" అని దాచితిమి. హీబ్రూ పేరాలో ఇది కంటికి "చ క 119 ఉ ఇ అ" అని కనబడును. కుడినుండి చదువుకొనిరండు. అక్షరములన్నియు తిరిగినవి, 119 మాత్రము 911 కాలేదు. సంఖ్య తిరిగియుండినచో లెక్కలును, తేదీలును, ధరలును ఏమగునో మీరే యూహింపుడు.

ఇప్పుడు మా బాలుని చుక్క సంగతి తేలినది. చుక్క తటస్థము. దాని తరువాత ఏమియు లేదు. పేరా దిశ ఎడమనుండి కుడికని యుండెను. కావున అది కుడికి పోయినది. యంత్రము తప్పు చేయలేదు. మేము పేరా దిశను చెప్పలేదు, అంతియే. ఒక్క మీట నొక్కి "ఈ పేరా కుడినుండి యెడమకు" అని చెప్పియుండినచో చుక్క తన చోట నిలిచియుండెడిది. అట్లు చేయక, కంటికి సరిపడునట్లు చుక్కను ముందు పెట్టించితిమి. అనగా పూర్వుల చూపు వరుసనే తిరిగి బోధించితిమి.

స్వేచ్ఛా సిస్టములో ఈ సూత్రమును అమలుపఱచిన పుస్తకాలయము, అనగా ఇతర కార్యక్రమములు అరువు తెచ్చుకొను సాధనము, ఫ్రిబిడి యనునది. దానిని డోవ్ గ్రోబ్‌గెల్డ్ 1999 ప్రాంతమున ప్రారంభించెను. తరువాత దానిని చాలకాలము సాకినవాడు ఇరానులో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫాహ్‌బోద్. పారసీక భాషయు కుడినుండి యెడమకే నడచును గదా! ఇశ్రాయేలు, ఇరాను ప్రభుత్వముల నడుమ వైరము లోకవిదితము. అయినను ఒకరి భాషకై మొదలైన పని వేఱొకరి భాషకు మేలుచేసెను. ఆ రెండవవాడు దిద్దిన ప్రతి దిద్దుబాటు తిరిగి మొదటివారికి ముట్టెను. లైసెన్సులోని ఆ చిన్న షరతు చేసిన మేలిది.

మూడవ మెట్టు: రూపమును మీటలును

సంఖ్యయు వరుసయు ఉన్నను, అక్షరమునకు ఆకారము కావలెను. ఆ యాకారముల కూర్పును ఫాంటు అందురు. మాక్సిమ్ ఐఓర్ష్ అనునతడు కుల్మూస్ అను పేర స్వేచ్ఛా హీబ్రూ ఫాంటులను కూర్చి విడుదలచేసెను. కుల్మూస్ అనగా హీబ్రూలో వ్రాయు ఈక. ఆ మాట గ్రీకు "కలమోస్", అనగా రెల్లుపుల్ల, నుండి వచ్చినది. మన "కలము" కూడ ఆ గ్రీకు మాటయే, అరబ్బీ దారిని మనయొద్దకు వచ్చినది. హీబ్రూ బాలుని ఈకయు, తెలుగు బాలుని కలమును ఒకే రెల్లుదుబ్బున మొలచినవి.

హీబ్రూ చివరిరూపములకు వేఱు సంఖ్యలును వేఱు మీటలును ఉండుటచే వానిని వ్రాయువాడే యెంచుకొనును. నికుద్ చుక్కలు కష్టమైనవి. ఒక అక్షరము క్రింద, పైన, కడుపులో గూడ గుర్తులు రావచ్చును. అవి ఒకదానిపై నొకటి పడకుండ కూర్చవలెను. మన వత్తులు, గుణింతములు కూర్చుట దీనికంటె చిక్కైన పని. నేడు హార్ఫ్‌బజ్ అను ఒకే పరికరము ఈ రెండు పనులను చేయుచున్నది. దాని ముఖ్యకర్త పైన చెప్పిన ఎస్ఫాహ్‌బోదే.

ఇక మీటలు. ఇశ్రాయేలు ప్రమాణములో "టి" మీట నొక్కిన ఆలెఫ్, "సి" నొక్కిన బేత్, "డి" నొక్కిన గీమెల్ వచ్చును. ఈ పట్టిక లినక్సులో నున్నది గనుకనే మా బాలుడు ఏమియు కొనకయే హీబ్రూ వ్రాయగలిగెను.

నాలుగవ మెట్టు: వర్ణక్రమము

వ్రాయగలిగినంత మాత్రమున చాలదు. తప్పులు పట్టు సాధనము కావలెను. ఇంగ్లీషునకు మాటల పట్టిక యొకటి యున్న చాల వఱకు పని జరుగును. హీబ్రూకు జరుగదు. బయిత్ అనగా ఇల్లు. హబయిత్ అనగా ఆ యిల్లు. వెహబయిత్ అనగా ఆ యిల్లును. షెబబయిత్ అనగా ఇంటిలోనున్నది. ఇట్లు చిన్నమాటలు పెద్దమాటకు ముందు అతుకుకొనును. క్రియలు వందల రూపములు దాల్చును. నదవ్ హర్‌ఎల్, డాన్ కెనిగ్స్‌బెర్గ్ అను ఇరువురు ఈ పనికి పూనుకొని హెస్పెల్ అను కార్యక్రమమును వ్రాసిరి. వారు అన్ని రూపములను చేతితో వ్రాయలేదు. మూలపదములను సేకరించి, వ్యాకరణసూత్రములను యంత్రమునకు నేర్పి, రూపములను యంత్రముచేతనే పుట్టించిరి. చుక్కలులేని వ్రాతకు, 1953లో స్థాపింపబడిన హీబ్రూ భాషా అకాడమీ నియమములనే ప్రమాణముగ గొనిరి. వ్యాకరణము పరీక్షకు మాత్రమే పనికివచ్చునని తలంచు విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

అయిదవ మెట్టు: యంత్రము మాటలు

తుదకు, యంత్రము మనతో పలుకు మాటలను, "తెఱువుము", "దాచుము", "మూయుము" మొదలగువానిని, అనువదింపవలెను. హీబ్రూలో ఆజ్ఞ పురుషునకు వేఱు, స్త్రీకి వేఱు. యంత్రము నెదుట నున్నది బాలుడో బాలికయో యంత్ర మెఱుగదు. కావున అనువాదకులు తఱచుగ "దాచుట", "మూయుట" వంటి రూపములతో సరిపుచ్చిరి. మనకు ఆ చిక్కు లేదు, మఱియొకటి కలదు. "తెఱువుము" అనవలెనా, "తెఱువండి" అనవలెనా? ఆ యంత్రముముందు తాతగారు కూర్చున్నను, మనుమడు కూర్చున్నను మర్యాద తప్పరాదు గదా! మఱియు హీబ్రూ యంత్రమున తెఱయంతయు అద్దములో వలె తిరుగవలెను. మొదటి మెనూ కుడి కొసను, ప్రక్కనుండు జారుపట్టీ ఎడమను ఉండవలెను.

ఇన్ని మెట్లెక్కినను పని ముగిసినదని చెప్పరాదు. లినక్సులో ఆజ్ఞలు కొట్టు గవాక్షమగు టెర్మినలునకు ఉభయదిశా సూత్రము చాలకాలము అందలేదు. గ్నోమ్ టెర్మినలునకు అది 2019లో, అనగా ఫ్రిబిడి మొదలైన సుమారు ఇరువది యేండ్లకు వచ్చినది. స్వేచ్ఛా పనిలో ఎవరును అడ్డగింపరు, నిజమే. కాని ఎవరును చేయకున్న ఎవరును అడుగరు. ఈ రెండవ మాటను మఱువరాదు.

మన సంగతి

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. హీబ్రూవారికి తొమ్మిదింతలు. మన భాషకై పనిచేసినవారు లేకపోలేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన అను తెలుగు ఫాంటులను చేసి ఉచితముగ పంచిరి. హైదరాబాదునందు స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో పలుకు లినక్సు సిస్టమును కూర్చినది. కాని ఒక్కొక్కరి మీద ఎంత బరువు పడుచున్నదో యోచింపుడు. వర్ణక్రమము దిద్దు తెలుగు సాధనమునకు మన సంధులు, విభక్తులు హీబ్రూ చిన్నమాటలకంటె తక్కువ చిక్కు పెట్టవు. వానినెఱిగి, మూలపదములు సేకరింప గలవారు ఇంజనీర్లే కానక్కఱలేదు. తెలుగు బాగుగ చదివిన మన బాలబాలికలు చాలును.

తలిదండ్రులకొక మనవి. మీ పిల్లలు కంప్యూటరు నేర్చుకొనుటయనగా ఇంగ్లీషు నేర్చి తెలుగు మఱచుట యని తలంపవద్దు. యంత్రమునకు ఒక భాషను నేర్పవలెనన్న, ఆ భాషను తల్లి యొడిలోను, బడిలోను చక్కగ నేర్చినవాడే కావలెను.

మా బాలుడు ఈ సంవత్సరము పదవ తరగతి. సెలవులకు ముందు అతడు ఆ పటమును తిరిగి కొట్టెను. ముందుగ పేరా దిశను కుడినుండి యెడమకు మార్చి, ఏడు మాటలు వ్రాసి, చుక్కను చివర పెట్టెను. అక్షరములను పెద్దవి చేసి చూచెను. చిన్నవి చేసి చూచెను. పంక్తి ఎక్కడ తెగినను చుక్క వాక్యము చివరనే నిలిచినది. ఇప్పుడా పటము మా తరగతి గోడమీద నున్నది. దాని ప్రక్కను, తప్పు చుక్కగల పాత పటమును గూడ మేమే తగిలించితిమి. కంటికి కుదిరినదెల్ల సరియైనది కాదని క్రొత్త విద్యార్థులకు చెప్పుటకు మాకంతకంటె మంచి సాధనము దొరకలేదు.